రాగి తీగ పోతే పోనీ, కరెంటు పోయినా ఫోను మోగాలి

రాగి తీగ మీద వచ్చే ల్యాండ్‌లైన్ రోజులు అయిపోయాయి. ఆ సంగతి మీద నాకు పేచీ లేదు. వానాకాలం వచ్చిందంటే జాయింట్లలోకి నీళ్లు దిగి గరగరలాడే లైన్లు, రోడ్డు తవ్వినప్పుడల్లా తెగిపోయే కేబుళ్లు, కంప్లైంట్ ఇచ్చి వారాల తరబడి ఎదురుచూపులు, ఇవన్నీ మా భీమవరంలో అందరం పడ్డ బాధలే. ఫైబర్ రావడం మంచిదే. నా పేచీ అంతా ఒక్క విషయం మీద. ఆ రాగి తీగలో మాటతోపాటు ఇంకోటి కూడా మన ఇంటికి వచ్చేది. తీగ తీసేసేటప్పుడు కంపెనీలు దాన్ని చెప్పాపెట్టకుండా ఆపేసి, ఆ భారం మన నెత్తిన పెట్టేశాయి. అది కరెంటు.

ఫోన్‌కి వేరే ప్లగ్గు ఉండేది కాదని గుర్తుందా? ఊళ్లోని ఎక్స్ఛేంజిలో రెండేసి వోల్టుల బ్యాటరీ సెల్స్ ఇరవై నాలుగు వరసగా కలిపి, 48 వోల్టులు ఎప్పుడూ లైన్ మీద ఉండేలా చూసేవారు. వాటికి తోడు డీజిల్ జనరేటర్. మనం రిసీవర్ ఎత్తితే ఆ బ్యాటరీ నుంచే ఇరవై ముప్పై మిల్లీయాంపులు మన ఫోన్‌లోకి వచ్చేవి. ఫోన్ పెట్టేసి ఉన్నంతసేపూ దాదాపు ఏమీ ఖర్చయ్యేది కాదు. అందుకే ఊరంతా చీకటైపోయినా, కొవ్వొత్తి వెలుగులో రిసీవర్ ఎత్తితే టోన్ వినబడేది. దాన్ని మనం ఎన్నడూ ఒక సౌకర్యంగా లెక్కపెట్టలేదు, అదేదో ఫోన్ గుణం అనుకున్నాం.

ఇప్పుడు మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్ కాలింగ్‌కి కలపాలంటే మధ్యలో ఒక పెట్టె కావాలి. అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్ అంటారు, వాడేవాళ్లు ఏటీఏ అంటారు. విడిగా కొంటే అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒక పక్క ఇంటర్నెట్ కేబుల్, ఇంకో పక్క ఫోన్ తీగ, మూడోది కరెంటు ప్లగ్గు. చూడ్డానికి ఏమీ లేదుగానీ అది చేసే పని చాలా ఉంది. పాత ఫోన్‌కి తన వెనక ఇంటర్నెట్ ఉందని తెలియనే తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఎక్స్ఛేంజి చేసే పనులన్నీ ఆ పెట్టే చేసి పెడుతుంది. మనం రిసీవర్ ఎత్తగానే వినబడే డయల్ టోన్ ఎక్కడో దూరాన్నుంచి రాదు, ఆ పెట్టెలోనే పుడుతుంది. కాల్ వచ్చినప్పుడు పాత ఫోన్ గంట కొట్టాలంటే డెబ్బై ఎనభై వోల్టుల ఏసీ కావాలి. ఐదో పన్నెండో వోల్టుల చిన్న చార్జర్‌తో నడిచే పెట్టె లోపలే అంత వోల్టేజి తయారు చేసుకుని గంట మోగిస్తుంది. మనం మాట్లాడుతుంటే గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చి, సాధారణంగా సెకనుకి యాభై చిన్న ప్యాకెట్లుగా చేసి పంపిస్తుంది. అవతలి నుంచి వచ్చినవాటిని మళ్లీ గొంతుగా మారుస్తుంది. జీ.711 అనే పద్ధతిలో మాటకి సెకనుకి 64 కిలోబిట్లు పడుతుంది, ప్రతి ప్యాకెట్ మీదా ఉండే చిరునామా వగైరా కలుపుకుంటే తొంభైకి కాస్త తక్కువ. ఇప్పటి ఫైబర్ కనెక్షన్‌కి అది ఏ మూలకీ రాదు.

ఈ పెట్టె మన తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. అమెరికాలో వోనేజ్ అనే కంపెనీ 2002లో ఇంటింటికీ ఇలాంటి పెట్టెలు పంపడం మొదలుపెట్టింది. మొదట్లో సిస్కో ఏటీఏ 186, తర్వాత లింక్‌సిస్ పీఏపీ2. ఆ కంపెనీ ఆఫీసు తొలి రోజుల్లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనే ఉండేది. మా అన్నయ్య ఉండేదీ ఆ చుట్టుపక్కలే. అప్పటిదాకా ఇండియాకి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు గీకి, ముందు ఒక నంబరు, ఆపైన పిన్ను, ఆపైన మన నంబరు నొక్కాలి. మధ్యలో ఒక అంకె తప్పితే మళ్లీ మొదటికి రావాలి. 2009 ఆగస్టులో వోనేజ్ నెలకి 24.99 డాలర్లకి ఇండియా సహా అరవైకి పైగా దేశాలకి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని ప్లాన్ తెచ్చింది. నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడే అలవాటు అక్కడ పోయింది. ఆదివారం పొద్దున్న అమ్మ పప్పు తాలింపు వేస్తూ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, అన్నయ్యతో గంటసేపు ఊళ్లో సంగతులన్నీ చెప్పగలిగిందంటే ఆ పెట్టె పుణ్యమే.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఆ పెట్టెనే సూట్‌కేసులో పెట్టి ఇండియాలో అమ్మానాన్నల ఇంటికి తెచ్చారు. ఇక్కడి బ్రాడ్‌బ్యాండ్‌కి తగిలిస్తే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఫోన్‌కి అమెరికా నంబరు వస్తుంది. పిల్లలకి అది లోకల్ కాల్. ప్రేమతో చేసిన పనే. కానీ అందులో ఉన్న ప్రమాదం గురించి అప్పట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ ఫోన్‌లో 108 నొక్కితే మన అంబులెన్స్ రాదు. 911 నొక్కితే ఆ నంబరుకి నమోదై ఉన్న అమెరికా చిరునామాకి సాయం పంపాలని చూస్తారు. తీగ ఒకచోటికి కట్టేసి ఉన్నప్పుడు ఫోన్ ఎక్కడుందో ఎక్స్ఛేంజికి తెలుసు. పెట్టెని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు కాబట్టి అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

అమెరికాలోనే ఈ లోపం ఒక ఇంటి మీద పడింది. 2005 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో దొంగలు ఇంట్లోకి జొరబడి తల్లిదండ్రులని కాలిస్తే, కూతురు ఇంటర్నెట్ ఫోన్ నుంచి 911కి చేసింది. కాల్ కలవలేదు. ఆ తర్వాతి నెలలో టెక్సాస్ రాష్ట్రం వోనేజ్ మీద కేసు వేసింది. మే నెలలో అమెరికా కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలన్నీ 911ని తప్పనిసరిగా ఇవ్వాలని ఆదేశించింది. అప్పటిదాకా కంపెనీలు ఏమనేవి? మాది ఫోన్ కాదు, ఇంటర్నెట్ సర్వీసు అనేవి. ఫోన్‌లా కనబడుతుంది, ఫోన్‌లా మోగుతుంది, ఫోన్ అని చెప్పే అమ్ముతారు, బాధ్యత దగ్గరికొచ్చేసరికి మాత్రం అది ఫోన్ కాదు. నాకు ఒళ్లు మండేది ఈ వాదన దగ్గరే. కరెంటు విషయంలోనూ ఇప్పుడు మనకి ఎదురవుతున్నది ఇదే.

మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీ నిబంధనలు 2018లో సడలాయి. ఇంటర్నెట్ ద్వారా మామూలు నంబర్లకి కాల్స్ కలపడానికి దారి తెరుచుకుంది. అయితే మన ఇళ్లలోకి అడాప్టర్ విడి పెట్టెగా రాలేదు, ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే డబ్బాలోనే కలిసిపోయి వచ్చింది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ డబ్బా వెనక చూడండి, జియోఫైబర్ డబ్బా వెనక చూడండి, ఇంటర్నెట్ పోర్టుల పక్కన కాస్త చిన్నది, ఫోన్ తీగ పట్టేది ఒకటి ఉంటుంది. అదే అడాప్టర్. ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకి ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి ఇస్తామన్నప్పుడు ఆ ఫోన్ కూడా ఈ రకమే. చాలామంది ఇళ్లలో ఆ పోర్టు ఖాళీగా దుమ్ము పట్టి ఉంది. అందులో పాత బీటెల్ ఫోన్ తగిలిస్తే చాలాచోట్ల వెంటనే పని చేస్తుంది, ఆ సంగతి కూడా చెప్పేవాళ్లు లేరు.

మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఒంటరిగా ఉంటుంది. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ కొనివ్వలేదా అని అడిగేవాళ్లు ఉంటారు. కొనిచ్చాం, అల్మరాలో ఉంది. వయసు మళ్లాక వేళ్ల చర్మం పొడిబారిపోతుంది, టచ్ స్క్రీన్ ఒక్కోసారి ఆ వేలిని గుర్తించదు. కాల్ ఎత్తాలంటే స్క్రీన్ మీద జరపాలి, జరిపితే ఒక్కోసారి కట్ అయిపోతుంది. అమ్మ మెత్తగా నొక్కుతుంది, అది పలకదు. గట్టిగా నొక్కుతుంది, ఇంకేదో తెరుచుకుంటుంది. ఈలోగా అవతలివాళ్లు పెట్టేస్తారు. ల్యాండ్‌లైన్ ఎప్పుడూ హాల్లో స్టూలు మీద ఒకేచోట ఉంటుంది. ఎక్కడ పెట్టానో అని వెతుక్కోనక్కర్లేదు. చార్జింగ్ టెన్షన్ లేదు. గంట పెరట్లోకి కూడా వినబడుతుంది. రిసీవర్ బరువుగా, చెవికి ఆనించి పట్టుకోవడానికి అనువుగా ఉంటుంది. ముఖ్యమైన నంబర్లన్నీ క్యాలెండర్ పక్కన గోడ మీద లావుపాటి స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. పైగా ఆ ఫోన్‌లోకి లింకులు రావు, యాప్‌లు ఎక్కవు, యూపీఐ ఉండదు. పోలీసులమని వీడియో కాల్ చేసి పెద్దవాళ్లని గంటలకొద్దీ కదలనివ్వకుండా కూర్చోబెట్టి డబ్బులు లాగేవాళ్లు ఎంతమందిని ముంచుతున్నారో రోజూ పేపర్లో చూస్తున్నాం. మోసగాళ్లు ల్యాండ్‌లైన్‌కి చేయరని కాదు. చేసినా ఆ ఫోన్‌లోంచి డబ్బు మాత్రం కదలదు. ఒక వయసు వచ్చాక మనిషికి తెలిసిన పరికరాన్ని తెలిసినట్టు ఉండనివ్వడం వెనకబాటుతనమని నేను ఒప్పుకోను.

అందుకే రాగి లైన్ తీసేసి ఫైబర్ వేస్తామని కంపెనీవాళ్లు వచ్చినప్పుడు, నంబరు అదే ఉంటుంది, ఫోన్ కూడా అదే వాడుకోవచ్చు అంటే సంతోషించాం. గోడకి తెల్ల డబ్బా బిగించారు, పాత ఫోన్ తగిలించారు, సంతకం పెట్టించుకుని వెళ్లారు. మాట ఇదివరకటికంటే స్పష్టంగా ఉంది. కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. రాత్రి అమ్మకి ఆయాసం ఎక్కువైంది. పక్కవీధిలో ఉండే మా పిన్నికి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తితే టోన్ లేదు. బిల్లు కట్టలేదేమో, లైన్ తీసేశారేమో అనుకుందట. తెల్లారి పాలబ్బాయి వచ్చేదాకా మంచం మీద కూర్చునే ఉంది. నాకు చెప్పినప్పుడు ఆవిడ తన ఆయాసం గురించి మాట్లాడలేదు. "కరెంటు పోతే ఫోను పోవడమేంట్రా?" అని అడిగింది, అంతే.

లైన్ చూసే కుర్రాడికి ఫోన్ చేశాను.

"ఆయ్, కరెంటు లేకపోతే అది పని చేయదండి. పాత తీగైతే చేసేదండి. ఇది ఫైబరండి."

"ఈ ముక్క పెట్టేరోజే మా అమ్మకి చెప్పొచ్చు కదా బాబూ?"

"మమ్మల్ని చెప్పమని ఎవరూ చెప్పలేదండి."

ఆ అబ్బాయి అన్నది నిజం. తప్పు అతనిది కాదు. తప్పంతా పైన ఉంది. ఒక ఇంట్లో ముసలావిడ ఒంటరిగా ఉందని, ఆవిడకి బయటి ప్రపంచంతో ఉన్న దారి ఆ ఫోనేనని అడిగి తెలుసుకునే గడి ఆ సంతకం పెట్టించుకున్న కాగితంలో లేదు.

మిగతా దేశాలు ఈ సమస్యని ఎదుర్కోలేదా అంటే ఎదుర్కొన్నాయి, ఏదో ఒకటి చేశాయి కూడా. అమెరికాలో ఎఫ్‌సీసీ 2015లో నిబంధన పెట్టింది. కరెంటు పోయినా ఎనిమిది గంటలు నడిచేలా బ్యాటరీని కంపెనీ ప్రతి కస్టమర్‌కీ ఇవ్వజూపాలి, 2019కల్లా ఇరవై నాలుగు గంటల బ్యాటరీని కూడా ఇవ్వజూపాలి అంది. ఆ నిబంధన గడువు 2025లో ముగిసింది. కావాలన్నవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేది, అది నాకు నచ్చని భాగం. బ్రిటన్‌లో పాత టెలిఫోన్ నెట్‌వర్కుని పూర్తిగా ఆపేయాలని చూస్తున్నారు. మొదట 2025 డిసెంబరు అన్నారు, తర్వాత 2027 జనవరికి జరిపారు. అక్కడ ల్యాండ్‌లైన్ తప్ప వేరే దారి లేనివాళ్లకి, కరెంటు పోయాక కనీసం గంటసేపు ఎమర్జెన్సీ కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీలే ఉచితంగా చేయాలని నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చెప్పింది. అక్కడ లక్షలమంది వృద్ధుల మెడలో ఒక బటన్ ఉంటుంది, కిందపడితే నొక్కుతారు, అది ల్యాండ్‌లైన్ ద్వారానే సాయం పిలుస్తుంది. లైన్ మార్చాక అలాంటివి పని చేయక తీవ్రమైన ఘటనలు జరిగాక, 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం పెద్ద కంపెనీలని కూర్చోబెట్టి, ఆ బటన్లు కొత్త లైన్ మీద పని చేస్తాయని తేలేదాకా అలాంటి ఇళ్లని మార్చబోమని రాయించుకుంది.

గంట అనేది మనకి చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డాక కరెంటు రావడానికి రోజులు పట్టింది, సెల్ టవర్లు కూడా మూగబోయాయి. అంత పెద్ద తుపానుని ఏ చిన్న బ్యాటరీ కాయలేదు నిజమే. కానీ మనకి మామూలుగా పోయే కరెంటు ఎంతసేపు పోతుంది? గాలివానకి రెండు మూడు గంటలు, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఒక పూట. ఫైబర్ డబ్బా తినేది పది వాట్ల చుట్టుపక్కల. దానికి సరిపోయే చిన్న డీసీ యూపీఎస్‌లు బజార్లో రెండు వేల రూపాయల లోపే దొరుకుతున్నాయి, మూడు గంటలు లాగుతాయి. టోకున కొనే కంపెనీకి ఇంకా చౌకగా పడుతుంది. ఇన్‌స్టలేషన్ ఫీజులో కలిపేసినా ఎవరూ అడగరు.

ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. మా ఇంట్లోనూ ఉంది. కానీ ఇన్వర్టర్ వైరింగ్ ఫ్యాన్లకీ లైట్లకీ ఇస్తారు, ఫైబర్ డబ్బాని మాత్రం టీవీ పక్కన ఖాళీగా ఉన్న ప్లగ్గులో పెడతారు. అది ఇన్వర్టర్ మీద ఉందా లేదా అని బిగించేవాళ్లు చూడరు. ఇన్వర్టర్ లేని ఇళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం ఉంది, ఇది ఇంటివాళ్ల చేతిలో లేనిది. ఫైబర్ గొప్పతనం ఏంటంటే ఎక్స్ఛేంజికీ ఇంటికీ మధ్య దారిలో కరెంటు అవసరమే లేదు. వీధిలో లైన్‌ని విడగొట్టే స్ప్లిటర్ ఒట్టి గాజు పరికరం. రెండు చివర్లా కరెంటుంటే చాలు. కానీ మన ఊళ్లలో ఆ అవతలి చివర చాలాచోట్ల ఎక్స్ఛేంజిలో లేదు. కంపెనీకి ఫ్రాంచైజీగా పనిచేసే లోకల్ ఆపరేటర్ గదిలో ఉంది. ఆ గదిలో బ్యాటరీ ఎంతసేపు వస్తే ఆ పేటలో ఫోన్లు అంతసేపే. మనం ఇంట్లో ఎంత పెద్ద యూపీఎస్ పెట్టుకున్నా ఉపయోగం ఉండదు. కాబట్టి ఇది ఎవరింట్లో వాళ్లు సర్దుకుంటే తీరే సమస్య కాదు. ఆపరేటర్ గదిలో కనీసం ఎనిమిది గంటల బ్యాకప్ ఉండాలని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టి, దాన్ని తనిఖీ చేయాలి. ఫోన్ సర్వీసు తీసుకున్న ప్రతి ఇంటికీ డబ్బాతోపాటే బ్యాటరీ రావాలి. అరవై దాటినవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకి అది ఉచితంగా ఇవ్వాలి. దరఖాస్తులో, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉండాలి: కరెంటు పోతే ఈ ఫోన్ ఇంతసేపే పని చేస్తుంది. ఇవి నా డిమాండ్లు. గొంతెమ్మ కోరికలేం కావు.

అడాప్టర్‌ని తిట్టడానికి నేను ఇది రాయడం లేదు. అది లేకపోతే మా అమ్మ ఫోన్ ఎప్పుడో మూలన పడేది. విడి అడాప్టర్ కొని పెట్టుకునేవాళ్లకి పనికొచ్చే సంగతులు కొన్ని చెప్తాను. ఫోన్ తెర మీద నంబరు కనబడకపోతే ఫోన్ పాడైందనుకోకండి. మన ల్యాండ్‌లైన్లలో చాలావాటికి నంబరు డీటీఎంఎఫ్ పద్ధతిలో, అంటే బటన్ నొక్కితే వినబడే టోన్ల రూపంలో, వచ్చేది. అడాప్టర్లు చాలావరకు అమెరికా పద్ధతికి సెట్ చేసి వస్తాయి. సెట్టింగ్స్‌లో కాలర్ ఐడీ దగ్గర అది మార్చితే సరిపోతుంది. గ్యాస్ బుకింగ్‌కి ఒకటి నొక్కండి అంటే నొక్కినా తీసుకోవడం లేదంటే, అది డీటీఎంఎఫ్ పంపే పద్ధతి దగ్గరి తేడా. ఒక పక్క మాటే వినబడుతుంటే రౌటర్లో సిప్ ఏఎల్‌జీ అని ఇంటర్నెట్ కాల్స్‌లో వేలు పెట్టే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆపి చూడండి. ఇంట్లో హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి పాత తీగ మీదే రెండు ఫోన్లు మోగాలంటే మోగుతాయి. కానీ ముందు బయటి నుంచి వచ్చే రాగి లైన్‌ని ఇంటి తీగ నుంచి పూర్తిగా విడగొట్టాలి. దాని మీద ఇంకా వోల్టేజి ఉంటే అడాప్టర్ కాలిపోవచ్చు. సెకండ్‌హ్యాండ్ పెట్టెలు చౌకగా వస్తున్నాయని కొనకండి. సిస్కో ఎస్‌పీఏ112లో 2023లో తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది, ఆ మోడల్‌కి కాలం చెల్లిందని కంపెనీ ఇక సరిచేయనంది. అలాంటి పెట్టె ఇంట్లో ఉంటే మీ లైన్ మీద ఇంకెవరో విదేశాలకి మాట్లాడుకునే ప్రమాదం ఉంది.

మా ఇంట్లో డబ్బాని ఇన్వర్టర్ లైన్ మీదకి మార్పించి, దానికి చిన్న యూపీఎస్ కూడా పెట్టించాను. ఆపరేటర్ గదిలో ఏముందో వెళ్లి చూశాను, ఒక్క బ్యాటరీ ఉంది, ఎన్నాళ్లదో ఆయనకే తెలియదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకున్నాను. జవాబు ఇంకా రాలేదు, రాకపోతే అప్పీలుకి వెళ్తాను.

మీరు కూడా ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మానాన్నలకి చెప్పి మెయిన్ ఆపేయండి. మీ సెల్ నుంచి ఆ ల్యాండ్‌లైన్‌కి చేయండి. మోగితే గంట తర్వాత మళ్లీ చేయండి, మూడు గంటల తర్వాత మళ్లీ చేయండి. ఆగిపోయిన సమయం కాగితం మీద రాసి కంపెనీకి ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి.